పెళ్ళిళ్ళకి ఫ్లాష్ మార్చాలి, 12 వేల లోపు ఏది తీసుకోమంటారు?

కోనసీమ_క్లిక్స్:

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు చేస్తుంటాను. మెయిన్ బాడీ నికాన్ డీ750, బ్యాకప్‌కి డీ7200, లెన్సులు 24-70, 85. ఇప్పుడున్న ఫ్లాష్ సెకండ్స్‌లో కొన్నది, చాలా ఏళ్ళు బాగానే లాగింది కానీ మొన్న సీజన్ చివర్లో మొరాయించడం మొదలెట్టింది, రెడీ లైట్ వస్తుంది, షటర్ నొక్కితే ఒకసారి వెలుగుతుంది ఇంకోసారి వెలగదు, ఫుల్ చార్జ్ సెల్స్ వేసినా మళ్ళీ రెడీ అవ్వడానికి ఆరేడు సెకన్లు పడుతుంది. తలంబ్రాల టైంలో వరసపెట్టి నల్ల ఫ్రేములు పడ్డాయి, పక్కన వీడియో వాళ్ళ లైట్ ఉండబట్టి ఏదోలా గట్టెక్కాం.

రిపేరుకి చూపిస్తే ట్యూబ్, కెపాసిటర్ రెండూ మార్చాలి, 3500 అవుద్ది, కానీ మళ్ళీ పోదని గ్యారంటీ ఇవ్వను అన్నాడు. అందుకే కొత్తది తీసుకుందామని. బడ్జెట్ 12 వేలు, మహా అయితే 13. శ్రావణంలో ముహూర్తాలు ఒప్పుకున్నాను కాబట్టి ఆలోగా చేతిలో ఉండాలి.

నా డౌట్లు ఏంటంటే టీటీఎల్ (ఎంత వెలుగు కొట్టాలో కెమెరానే చూసుకునే పద్ధతి) ఉన్నది కావాలా లేక మాన్యువల్‌తో సరిపెట్టుకుని డబ్బులు మిగుల్చుకోవాలా, లిథియం బ్యాటరీది కొంటేనే పనవుద్దా, ఇంకోటి వచ్చే ఏడాది సోనీకి మారే ఆలోచన కూడా ఉంది, అప్పుడు ఇది మూలన పడేయాల్సిందేనా. మా వైపు ఫంక్షన్ హాల్స్‌లో సీలింగ్ బాగా ఎత్తు, కాబట్టి గైడ్ నంబర్ (ఫ్లాష్ వెలుగు ఎంత దూరం అందుద్దో చెప్పే అంకె) అన్నిటికన్నా ఎక్కువ ఉన్నదేదో చెప్పినా చాలు, అదే కొనేస్తాను.

పాత_స్టూడియో:

బాబూ, కొనే ముందు ఒక చిన్న పని చెయ్యి. ఫ్లాష్ కాలు కింద ఉన్న పిన్నులు, కెమెరా నెత్తిన ఫ్లాష్ దూర్చే హాట్‌షూ లోపలి పట్టాలు ఒకసారి చూడు. మండపంలో హోమం పొగ, చెమట, పసుపు అక్షింతల పొడి అన్నీ అక్కడే చేరతాయి. పెన్సిల్ రబ్బరుతో పిన్నుల్ని మెల్లగా రుద్ది, ఆ పొడి ఊదేసి, అప్పుడు రెండు బాడీల మీదా పెట్టి చూడు. ఒకసారి వెలిగి ఒకసారి వెలగకపోవడం చాలాసార్లు కాంటాక్ట్ గొడవే. కానీ నువ్వు చెప్పిన రెండో లక్షణం, ఆరేడు సెకన్లు పట్టడం, అది పిన్నుల వల్ల రాదు. సెల్స్ బాగున్నాయని నీకు గట్టి నమ్మకం ఉంటే మటుకు లోపలి సరుకు ముసలిదైపోయిందనే అర్థం, అలాంటప్పుడు దాని మీద 3500 పెట్టొద్దు.

ఇంకో మాట, యూట్యూబ్ చూసి నువ్వే విప్పుతానని కూర్చోకు. సెల్స్ తీసేసినా సరే లోపల పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలవ ఉంటుంది, చెయ్యి తగిలితే మామూలుగా కొట్టదు.

కరీంనగర్_కెమెరా:

అన్నా నమస్తే. నీ బడ్జెట్‌ల గోడాక్స్ టీటీ685 టూ, నికాన్‌ది, పేర్ల ఎన్ అని ఉంటది, అది తీస్కో, ఎక్కువ ఆలోచించకు. టీటీఎల్ ఉంటది, హైస్పీడ్ సింక్ ఉంటది, అంటే షటర్ బాగ పెంచినా ఫ్లాష్ పన్జేస్తది, దూరంకెళ్ళి ఎలిగించెటందుకు రేడియో లోపల్నే ఉంటది. రేటు పది వేల అటు ఇటు నడుస్తది, షాపుకో రేటు చెప్తరు కాబట్టి నాలుగు జాగల అడుగు. మిగిలిన పైసలు సెల్స్ మీద పెట్టు. ఇది నేను గట్టిగ చెప్తున్న, చానామంది ఫ్లాష్ మీద పదివేలు పెట్టి సెల్స్ కాడ పీనాసితనం చేస్తరు, కిరాణా కొట్ల దొరికే సెల్స్ ఏస్తరు, ఆఖరికి ఫ్లాష్ బాలేదని తిడ్తరు.

ఎనిలూప్ అని చార్జ్ చేస్కునే సెల్స్ ఉంటయి, తెల్లవి రెండు సెట్లు, అంటే ఎనిమిది సెల్స్, కొను. మామూలు ఆల్కలైన్‌వి 1.5 వోల్టులు, ఎనిలూప్‌వి 1.2 వోల్టులే కదా, మరి అవెట్ల మంచివి అని అడుగుతరు కొందరు. ఫ్లాష్‌కి ఒక్కసారే దమ్ముగ కరెంటు గావాలె, ఆల్కలైన్‌కి లోపల అడ్డం ఎక్కువ, అంత జోరుగ ఇయ్యలేదు, ఎనిలూప్ ఇస్తది. ఇంకోటి, నెల రోజులు బ్యాగ్‌ల పడేసినా చార్జ్ అట్లనే ఉంటది. సెల్స్ మీద మార్కర్‌తోని సెట్టు నంబరు రాస్కో, ఒకటో సెట్టుది రెండో సెట్టుల కలపకు, నాలిగిట్ల ఒక్కటి డల్ అయినా మిగిలిన మూడింటిని అదే గుంజుతది. చార్జర్ కూడ ఒక్కో సెల్‌కి ఏరే ఏరే లైట్ ఉన్నది తీస్కో, రెండ్రెండు జతగ ఎక్కించేది వద్దు. ఆన్‌లైన్‌ల నకిలీ ఎనిలూప్‌లు మస్తుగ ఉన్నయ్, రేటు మరీ తక్కువుంటే పోకు.

కంపెనీ లెక్క ప్రకారం ఈ ఫ్లాష్ 2500 ఎంఏహెచ్ సెల్స్‌తోని ఫుల్ పవర్ మీద 230 దాకా కొడ్తది. తెల్ల ఎనిలూప్‌కి కెపాసిటీ కొంచెం తక్కువ కాబట్టి ఇంకొన్ని తగ్గిస్కో. ఫుల్ పవర్ ఎవ్వడు వాడ్తడు గని.

విశాఖ_రాత్రులు:

టీటీ685 మంచిదే, కాదనను. కానీ పెళ్ళిళ్ళకైతే ఇంకొంచెం ఆగి అయినా గోడాక్స్‌దే వీ860 త్రీ తీసుకోండి. లిథియం బ్యాటరీ, ఫుల్ పవర్ 480 ఫ్లాష్‌లు, రీసైకిల్, అంటే మళ్ళీ రెడీ అవ్వడానికి పట్టే టైం, ఒకటిన్నర సెకను. ముహూర్తం అర్ధరాత్రి రెండింటికి ఉంటే, సాయంత్రం ఎదురుకోలు నుంచి తెల్లారి అప్పగింతల దాకా మధ్యలో నాలుగు సెల్స్ తీసి నాలుగు సెల్స్ పెట్టే పని ఉండదు. చీకట్లో ఒకటి తిరగేసి పెడతాం, ఇంకోటి కింద పడి పీటల కిందకి దొర్లిపోతుంది. ఆ బాధలన్నీ పడ్డవాళ్ళకే తెలుస్తుంది లిథియం విలువ.

మైనస్ కూడా చెప్తాను. బడ్జెట్ దాటిపోతుంది, స్పేర్ బ్యాటరీ ఏమీ చవక కాదు, ఊళ్ళో ఏ కొట్లోనూ దొరకదు. ఏఏ సెల్స్ అయితే అర్ధరాత్రి కూడా బస్టాండ్ దగ్గర దొరుకుతాయి, నాణ్యత ఎలా ఉన్నా. సీజన్ లేనప్పుడు లిథియంని ఫుల్ చార్జ్‌లో పెట్టి ఎండలో నిలబెట్టిన కారులో వదిలేస్తే ఉబ్బుతుంది, సగం చార్జ్‌లో ఇంట్లో చల్లగా ఉన్నచోట పెట్టుకోవాలి.

మబ్బుల_సూరీడు:

కోనసీమ గారూ, ఏ మోడల్ అనేది తర్వాత చూద్దాం. మీరు మండపంలో మామూలుగా ఏ సెట్టింగ్స్‌లో తీస్తారు? ఐఎస్ఓ, ఎపర్చర్, షటర్, ఫ్లాష్ నేరుగా కొడతారా, లేక సీలింగ్‌కి కొట్టి కిందకి రప్పించే బౌన్సా?

కోనసీమ_క్లిక్స్:

@పాత_స్టూడియో గారూ, పిన్నులు రుద్ది చూశానండి, కాస్త నయం, కానీ రీసైకిల్ మాత్రం మారలేదు. ట్యూబ్ చివర్లు కూడా బాగా నల్లబడ్డాయి.

@మబ్బుల_సూరీడు గారూ, ఐఎస్ఓ 400, ఎఫ్ 5.6, 1/125, టీటీఎల్‌లో సీలింగ్‌కి బౌన్స్. ఐఎస్ఓ పెంచితే ఆల్బమ్‌లో గ్రెయిన్ కనపడుద్దని మా గురువు గారు ఎప్పుడూ 400 దాటనివ్వలేదు, అదే అలవాటు.

మబ్బుల_సూరీడు:

అనుకున్నాను. మీ పాత ఫ్లాష్ దాదాపు ప్రతి ఫోటోకీ ఫుల్ పవర్ కొడుతూ వచ్చిందన్నమాట, అది అలిసిపోవడానికీ, సెల్స్ గబగబా అయిపోవడానికీ అదే కారణం అయి ఉంటుంది. మీ గురువు గారు చెప్పింది ఫిల్మ్ రోజులకీ, మొదటి తరం డిజిటల్ కెమెరాలకీ కరెక్టే. డీ750కి ఐఎస్ఓ 1600 అసలు లెక్కే కాదు, 3200లో తీసింది కూడా పన్నెండు బై పద్దెనిమిది ఆల్బమ్ షీట్ మీద ఎవరూ కనిపెట్టలేరు, ఎక్స్‌పోజర్ తక్కువైన ఫోటోని తర్వాత కంప్యూటర్లో పైకి లాగితే వచ్చే గ్రెయిన్ కన్నా ఇది చాలా నయం.

లెక్క చూడండి. ఐఎస్ఓ 400 నుంచి 1600కి వెళ్తే రెండు స్టాపులు. ఎఫ్ 5.6 నుంచి 4కి వస్తే ఇంకోటి. మొత్తం మూడు. ఒక్కో స్టాపుకీ ఫ్లాష్ ఇవ్వాల్సిన వెలుగు సగానికి పడిపోతుంది, అంటే ఇప్పుడు ఫుల్ పవర్ కొట్టాల్సిన చోట 1/8 చాలు. 1/8లో ఏ ఫ్లాష్ అయినా వెంటవెంటనే రెడీ అవుతుంది, వేడెక్కదు, ఒక సెట్టు సెల్స్‌తో పెళ్ళంతా లాగించినా ఆశ్చర్యం లేదు. పదిహేను మంది గ్రూప్ ఫోటోకి 5.6 కావాలంటే పెట్టుకోండి, అప్పుడు 1/4 అవుతుంది, అయినా హాయే.

దీంట్లో ఇంకో లాభం ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఈ స్పీడ్‌లైట్లన్నిటిలో పవర్ తగ్గించడం అంటే వెలుగు తక్కువసేపు వెలగడం. ఫుల్ పవర్‌లో ఫ్లాష్ సుమారు 1/300 సెకను వెలుగుతుంది, పవర్ తగ్గేకొద్దీ ఆ టైం వేల వంతుల్లోకి వెళ్ళిపోతుంది. తలంబ్రాలు పోసేటప్పుడు ఫుల్ పవర్‌లో తీసిన ఫోటో జూమ్ చేసి చూడండి, బియ్యపు గింజలు సన్నటి గీతల్లా సాగి ఉంటాయి. అదే 1/8లో తీస్తే పెళ్ళికూతురి దోసిట్లోంచి జారే ఒక్కో గింజా గాల్లో విడివిడిగా ఆగి కనపడుతుంది, పసుపు రంగుతో సహా. కాకపోతే ఐఎస్ఓ పెంచారు కాబట్టి హాల్ లైట్ కూడా ఎక్కువ పడుతుంది, దానివల్ల గింజ వెనక తోకలు రాకుండా షటర్‌ని 1/200కి తెచ్చుకోండి. డీ750కి మామూలు సింక్, అంటే ఫ్లాష్ వెలుగు ఫ్రేమంతా పడే షటర్ స్పీడ్, అంతవరకే. షటర్ మార్చినంత మాత్రాన ఫ్లాష్ వెలుగు తగ్గదు, హాల్ వెలుగే తగ్గుతుంది.

ఇక గైడ్ నంబర్. డబ్బా మీద రాసే 60 అనేది ఫ్లాష్ తలని 200 ఎంఎం జూమ్‌లో పెట్టి, నేరుగా కొడితే, ఐఎస్ఓ 100లో వచ్చే లెక్క. 35 ఎంఎం దగ్గరికొస్తే అది సగం కన్నా కాస్త ఎక్కువ మాత్రమే ఉంటుంది. గోడాక్స్‌లో మాన్యువల్‌ది టీటీ600, పైన చెప్పిన టీటీ685, వీ860 మూడూ దాదాపు ఒకే పవర్, కాబట్టి ఆ నంబర్ చూసి ఎంచుకోవడంలో అర్థం లేదు. చూడాల్సింది ఎంత త్వరగా రెడీ అవుతుంది, టీటీఎల్ కావాలా, బ్యాటరీ ఏంటి, రేడియో ఉందా.

సీలింగ్ సంగతి. తెల్ల సీలింగ్ అయితేనే బౌన్స్ చేయండి. షామియానా కింద, రంగు బట్టలు కట్టిన పందిట్లో బౌన్స్ చేస్తే మొహాలన్నీ గులాబీ రంగో పసుపో అయిపోతాయి, దాన్ని ఎడిటింగ్‌లో సరిచేయడం నరకం. అక్కడ ఫ్లాష్ తలలోంచి ఆ చిన్న తెల్ల కార్డు పైకి లాగి, తలని కొంచెం ముందుకి వంచి కొట్టండి.

డాలస్_వారాంతం:

సోనీ సంగతి నేను చెప్తా. ఇక్కడ వారాంతాల్లో మనవాళ్ళ ఫంక్షన్లు, ఓణీలు, సీమంతాలు తీస్తుంటాను, నేను నికాన్ నుంచి సోనీకి మారినవాడినే. నికాన్ వెర్షన్ ఫ్లాష్‌ని సోనీ కెమెరా నెత్తిన పెట్టి టీటీఎల్‌లో వాడలేరు, హాట్‌షూ పిన్నులే వేరు. కానీ మూలన పడేయక్కర్లేదు. సోనీ మీద గోడాక్స్ సోనీ ట్రిగ్గర్ (దూరంగా ఉన్న ఫ్లాష్‌ని రేడియోతో వెలిగించేది) పెట్టుకుంటే మీ నికాన్ వెర్షన్ టీటీ685 స్టాండ్ మీద నుంచి రేడియోలో టీటీఎల్‌తో సహా పనిచేస్తుంది, రిసీవర్‌గా ఉన్నప్పుడు దానికి ఏ కంపెనీ కెమెరా అన్నది పట్టదు. నావి పాత నికాన్‌వి రెండు ఇప్పటికీ స్టేజికి చెరో మూలా అలాగే పనిచేస్తున్నాయి. అంటే సోనీకి మారినప్పుడు కెమెరా మీదకి ఒక్కటి కొత్తది కొంటే చాలు, ఇది రెండో లైట్ అవుతుంది.

ఒకవేళ నికాన్ జెడ్‌కి వెళ్తే ఆ బాధ కూడా లేదు, ఎన్ వెర్షనే నడుస్తుంది. కాకపోతే సోనీ, జెడ్ లాంటి మిర్రర్‌లెస్‌లో ఏదైనా సరే, ఫ్లాష్ ముందు నుంచి పడే ఆ ఎర్ర ఫోకస్ లైట్ పనికిరాదు, డీ750లో చీకట్లో అది ఎంత ఆదుకుంటుందో మారాక తెలుస్తుంది.

ఒకే హాల్లో ఇంకో ఫోటోగ్రాఫర్ కూడా ఇదే కంపెనీ వాడుతుంటే ఆయన షటర్ నొక్కినప్పుడల్లా మీ ఫ్లాష్ వెలుగుతుంది. చానెల్ మార్చుకోండి, ఈ కొత్త వాటిలో వైర్‌లెస్ ఐడీ అని కూడా ఉంటుంది, మీ ఫోన్ నంబర్ చివరి రెండంకెలు పెట్టేసుకుంటే గుర్తుంటుంది.

బుజ్జి_వీడియోస్:

ఈ రోజుల్లో ఫ్లాష్ ఎవరు వాడుతున్నారు బాసూ. అన్ని పెళ్ళిళ్ళకీ మేం పెద్ద ఎల్ఈడీలు పెడుతున్నాం, ఆ లైట్‌లోనే తీసేసుకోండి, న్యాచురల్‌గా ఉంటుంది, డబ్బులూ మిగులుతాయి.

కరీంనగర్_కెమెరా:

తమ్మీ మీ లైట్లు మీ కెమెరా దిక్కే ఉంటయి గద, నేను ఇంకో దిక్కు నిల్చుంటే పిల్ల మొకం మీద సగం నీడ. మీరు అన్నానికి పోతే లైట్ గుడ పోతది. అంతేగాదు రిసెప్షన్‌ల వెనుక ఎల్ఈడీ వాల్ పెడ్తున్రు, షటర్ జరంత పెంచితే ఫోటోల నల్ల పట్టీలు పట్టీలు వస్తయి. ఉన్న లైట్‌ని వాడుకుందాం, కాదంటలేను, కానీ చేతుల ఫ్లాష్ లేకుంట పెళ్ళికి పోవుడు నాతోని కాదు.

రాయలసీమ_రెండోషాట్:

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. నాది కెనాన్ 200డీ మార్క్ టూ. బడ్జెట్ ఇంకా తక్కువ, టీటీ600 తీసుకుంటే నడుస్తుందా అన్నా?

మబ్బుల_సూరీడు:

తీసుకోకండి. మీ కెమెరా హాట్‌షూలో నడిమధ్య ఉండాల్సిన పెద్ద పిన్ను ఉండదు, ఒకసారి వంగి చూడండి, ఆ మోడల్‌కి కెనాన్ వాళ్ళు తీసేశారు. టీటీ600 ఆ ఒక్క పిన్ను మీదే ఆధారపడుతుంది, కాబట్టి పైన పెడితే వెలగనే వెలగదు. మీకు టీటీఎల్ ఉన్న కెనాన్ వెర్షనే కావాలి, టీటీ685 టూ సీ లాంటిది, అది కూడా ఫర్మ్‌వేర్ (ఫ్లాష్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయ్యిందో లేదో షాపులోనే మీ కెమెరా మీద పెట్టించి చూసుకోండి.

కోనసీమ గారికి కూడా చెప్పాలి, మాన్యువల్ ఒకటి అడిగారు కదా. టీటీ600 సగం రేటుకే వస్తుంది, కెమెరా మీద మాత్రం పూర్తిగా మాన్యువల్, హైస్పీడ్ సింక్ కూడా స్టాండ్ మీద పెట్టి ట్రిగ్గర్‌తో కొడితేనే. రిసెప్షన్ స్టేజి ముందు ఒకేచోట నిలబడి వరసగా గ్రూపులు తీసేటప్పుడు మాన్యువలే హాయి, ఒకసారి పవర్ సెట్ చేసుకుంటే వంద ఫోటోలూ ఒకేలా వస్తాయి. కానీ ఎదురుకోల్లో మేళం ముందు వెనక్కి నడుస్తూ తీసేటప్పుడు, మనిషి రెండడుగుల దూరంలోకి వచ్చేస్తాడు, మరుక్షణం పది అడుగుల్లో ఉంటాడు, అక్కడ పవర్ తిప్పుకుంటూ కూర్చోలేం. ఒక్కటే ఫ్లాష్ ఉన్నవాళ్ళకి టీటీఎల్ ఉండాలి, రెండోది మాన్యువల్ అయినా ఫర్వాలేదు.

టీటీఎల్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. మధుపర్కాలు కట్టుకుని ఇద్దరూ కూర్చున్నాక ఫ్రేమంతా తెలుపే, టీటీఎల్ దాన్ని చూసి వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, మొహాలు మాడినట్టు వస్తాయి. అక్కడ ఫ్లాష్ కాంపెన్సేషన్ (టీటీఎల్ లెక్కని మనం పైకో కిందకో సవరించేది) ప్లస్ 0.7 పెట్టండి. వెనకాల అద్దాల డెకరేషనో ఇత్తడి దీపస్తంభాలో ఉండి వెలుగు తిరిగి లెన్సులో కొట్టినా అదే పరిస్థితి, ఒకడుగు పక్కకి జరిగితే చాలు. అక్కణ్ణించి లేచి పట్టుబట్టల్లోకి మారగానే ఆ ప్లస్‌ని మళ్ళీ సున్నాకి తేవాలి.

విశాఖ_రాత్రులు:

సూరీడు గారి లెక్క చూశాక నా సలహా సగం వెనక్కి తీసుకుంటున్నా. ఐఎస్ఓ పెంచి 1/8లో తీసేవాళ్ళకి లిథియం తప్పనిసరేం కాదు. ఫుల్ పవర్ బండబాదుడు బాదేవాళ్ళకే కావాలి. పగటి పూట గోదావరి ఒడ్డున ప్రీవెడ్డింగ్, ఎండకి ఎదురుగా హైస్పీడ్ సింక్‌లో కొట్టే పని ఎక్కువుంటే మటుకు నా మాట నాదే.

కోనసీమ_క్లిక్స్:

ఐఎస్ఓ 1600 ఎఫ్ 4లో ఇంట్లోనే పాత ఫ్లాష్‌తో ప్రయత్నించాను, మా చెల్లి కూతురితో బియ్యం పోయించి, నిజంగానే గింజలు ఆగిపోయాయండి, పైగా ఈ ముసలి ఫ్లాష్ కూడా రెండు సెకన్లలోపే రెడీ అయింది. టీటీ685 టూ ఎన్, రెండు సెట్లు ఎనిలూప్, మంచి చార్జర్, వీటికే ఫిక్స్ అవుతున్నా. పాతది పారెయ్యకుండా తక్కువ పవర్‌లో బ్యాకప్‌గా బ్యాగ్‌లో ఉంచుతా. ఒక్క ప్రశ్న, రాజమండ్రిలో కొనేటప్పుడు ఏం చూసుకోవాలి? బిల్లు లేకుండా అయితే వెయ్యి తగ్గిస్తానంటున్నాడు ఒకాయన.

పాత_స్టూడియో:

బిల్లు లేనిది వద్దు. వారంటీ ఇచ్చేది మన దేశంలో దాన్ని దిగుమతి చేసినవాడు, డబ్బా మీద వాడి స్టిక్కర్ ఉంటుంది, ఆ స్టిక్కరూ జీఎస్టీ బిల్లూ లేకపోతే రేపు పాడైనప్పుడు ఎవడూ పలకడు. వెయ్యి రూపాయల కోసం ఆ తలనొప్పి ఎందుకు. బిల్లులో సీరియల్ నంబర్ రాయించుకో, డబ్బా మీదదీ ఫ్లాష్ మీదదీ ఒకటేనా చూసుకో.

నీ కెమెరా, నీ చార్జ్ చేసిన సెల్స్ పట్టుకెళ్ళు. కౌంటర్ మీదే పెట్టి 1/1లో, అంటే ఫుల్ పవర్‌లో, ఓ పదిసార్లు, ఒక్కోదానికీ రెడీ లైట్ వచ్చేదాకా ఆగి కొట్టు, ఒక్కటి తప్పినా ఇంకో పీసు అడుగు. తర్వాత టీటీఎల్‌లో ఒకటి దగ్గరగా, ఒకటి షాపు చివరిదాకా దూరంగా తీసి రెండింటి వెలుగూ సరిపోయిందా చూడు. లెన్స్ 24 నుంచి 70కి తిప్పినప్పుడు ఫ్లాష్ తల లోపల జూమ్ కదిలిన చప్పుడు వినపడాలి. కాలు బిగించాక ఊపి చూడు, ఊగకూడదు. సెల్స్ తలుపు నాలుగుసార్లు తీసి వెయ్యి, కొత్తదానికి ఆ గొళ్ళెం కాస్త గట్టిగానే ఉంటుంది, బలవంతం చేస్తే విరిగేది ముందు అదే.

డీ7200 మీద కూడా ఒకసారి పెట్టి చూసుకుని రా.